ఆకు ఒక్కటే, టీలు ఆరు

ఆ మధ్య మన ఆదివారం తెలుగు తరగతిలో పాఠం చదివిస్తూ ఉండగా ‘తేనీరు’ అనే మాట తగిలింది. ఎనిమిదేళ్ల అమ్మాయి ఒకతె చెయ్యెత్తి, “మాస్టారూ, తేనీరు అంటే తేనె కలిపిన నీళ్లా?” అని అడిగింది. పెద్దవాళ్లమంతా నవ్వాము. “కాదమ్మా, తేనీరంటే టీ” అన్నాను. “మరి టీలో ‘తే’ ఎక్కడుంది?” అన్నదా పిల్ల. నా దగ్గర జవాబు లేదు. వచ్చే వారం చెబుతానని తప్పించుకున్నాను. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే చైనా దాకా వెళ్లి, మళ్లీ తిరిగి తిరిగి మన హామిల్టన్ శివారుకే చేరుకున్నాను. దారిలో కనిపించిన సంగతులు పాఠక మిత్రులతో పంచుకుందామని ఈ వ్యాసం.

ముందుగా ఆ పిల్ల ప్రశ్న సంగతి. చైనాలో ఈ ఆకును సూచించే అక్షరం ఒక్కటే. పలకడం మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. చాలా చోట్ల ‘చా’ అంటారు. ఫ్యూజియన్ రాష్ట్రపు సముద్రతీరంలో, అమోయ్ రేవు ప్రాంతంలో, ‘తె’ అంటారు. నేల మార్గాన పర్షియా వైపు నడిచిన సరుకుతో ‘చా’ వెళ్లి, అక్కడ ‘చాయ్’ అయి, మన ఉత్తరాదికి, హైదరాబాదు ఇరానీ హోటళ్లకు వచ్చింది. ఓడ మార్గాన పోయిన సరుకు డచ్చి వర్తకుల చేతిలో పడింది. 1605లో మన మచిలీపట్నంలో కోఠీ పెట్టిన డచ్చి కంపెనీయే 1610 ప్రాంతంలో తొలిసారి ఈ ఆకును యూరపుకు చేర్చింది. వారు ఫ్యూజియన్ వర్తకుల నోట విన్న ‘తె’నే వాడారు. ఇంగ్లీషువాళ్లు కూడా మొదట్లో ‘టే’ అనే పలికేవారు. ‘టీ’ తరవాతి ఉచ్చారణ. మన తేయాకులోను, తేనీరులోను ఉన్న ‘తే’ ఆ రేవు మాట సంతానమే. తెలంగాణ వారి ‘చాయ్’ నేల దారిన, కోస్తా వారి ‘తేనీరు’ నీటి దారిన వచ్చాయన్నమాట. రెండూ చైనా మాటలే. సంఘం సమావేశాల్లో చాయ్ అనాలా టీ అనాలా అని వాదించుకునే మిత్రులు ఇకమీద రాజీ పడవచ్చు.

వంకాయ ముక్క చెప్పే పాఠం

చైనాలో టీ పేర్లు వందల కొద్దీ ఉన్నాయి. కాని వాటన్నిటినీ అక్కడివారు ఆరు తరగతులుగా చేస్తారు: పచ్చ, తెలుపు, పసుపు, ఊలాంగ్, ఎరుపు, నలుపు. ఇవి ఆరు రకాల చెట్లు కావు. అన్నీ ఒకే మొక్క ఆకులు. శాస్త్రజ్ఞులు దానికి కమేలియా సైనెన్సిస్ అని పేరు పెట్టారు. చిన్న ఆకుల చైనా జాతి ఒకటి, పెద్ద ఆకుల అస్సాం జాతి ఒకటి అని రెండు ఉపజాతులు ఉన్నాయి గాని, మొక్క మాత్రం ఒక్కటే. ఇక్కడ మన వీధుల్లో, పెరళ్లలో చలికాలంలో ఎర్రగా, తెల్లగా పూచే కమేలియాలు దీనికి దాయాదులు.

మరి ఒకే ఆకు ఆరు టీలు ఎలా అవుతుంది? దీనికి సమాధానం మన వంటింట్లోనే ఉంది. వంకాయ తరిగి నీళ్లలో వేయకుండా వదిలేస్తే కాసేపటికి ముక్కలు నల్లబడతాయి గదా. కోసిన చోట ఆ కాయలోని రసాలకు గాలి తగిలి రంగు మారుతుంది. తేయాకు కూడా అంతే. కోసిన ఆకు వాడి, నలిగి, గాలి తగిలితే పచ్చదనం పోయి రాగిరంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది. వాసన, రుచి కూడా మారతాయి. ఈ మార్పును నడిపించే పదార్థం ఆకులోనే ఉంటుంది. ఆకుకు గట్టిగా వేడి తగిలిస్తే ఆ పదార్థం చస్తుంది, మార్పు ఆగిపోతుంది. ఎప్పుడు ఆపాలి, ఎంత నలపాలి, ఎంతసేపు వాడబెట్టాలి అన్నదే చైనావారి విద్య అంతా.

ఆరు తరగతులు

పచ్చ టీ. ఇందులో ఆకు మారకుండా కోసిన రోజే వేడి తగిలిస్తారు. ‘పచ్చదనాన్ని చంపడం’ అని చైనావారు ఆ పనికి పెట్టిన పేరు; నిజానికి దానివల్ల పచ్చదనం నిలుస్తుంది. హాంగ్‌జౌ నగరంలో పశ్చిమ సరస్సు పక్క కొండల మీద పండే లాంగ్‌జింగ్ టీని వేడి మూకుడులో అరచేత్తో అదిమి అదిమి వేయిస్తారు. అందుకే దాని ఆకు ఇస్త్రీ చేసినట్లు బల్లపరుపుగా ఉంటుంది. తాయ్ సరస్సు ప్రాంతపు బీలోచున్ నత్తగుల్లలా సన్నగా చుట్టుకొని ఉంటుంది. జెజియాంగ్ రాష్ట్రం నుంచి వచ్చే ‘గన్‌పౌడర్’ టీ తుపాకీ మందు గుళికల్లా ఉండ చుట్టుకుపోయి ఉంటుంది. మొరాకో దేశంలో పుదీనా వేసి తాగేది దీన్నే. జపానువారు మూకుడుకు బదులు ఆవిరి పడతారు. అది పాత చైనా పద్ధతి. 8వ శతాబ్దంలో లూ యూ అనే ఆయన టీ మీద ప్రపంచంలోకెల్లా తొలి శాస్త్ర గ్రంథం రాసే నాటికి చైనాలో ఆకును ఆవిరి పట్టి, దంచి, బిళ్లలుగా చేసేవారు. 1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి, తనకు కప్పంగా బిళ్లలు పంపవద్దు, విడి ఆకే పంపండి అని శాసించాడు. మనం నేడు కుండలో ఆకు వేసి వేడినీళ్లు పోసే పద్ధతి అటు తరవాత బాగా స్థిరపడింది.

తెల్ల టీ. ఆరింటిలో పని తక్కువైనది ఇదే. వేయించడం లేదు, నలపడం లేదు. ఫ్యూజియన్‌లో ఫూడింగ్, జంగ్హె ప్రాంతాల్లో తెల్లని నూగు ఉన్న మొగ్గలను కోసి, పలచగా పరిచి వాడబెట్టి, ఆరబెడతారు. అంతే. వెండి సూది అని పేరు పడిన టీ మొగ్గలతో మాత్రమే చేసేది. పని తక్కువంటే సులువు అనుకోకూడదు. మన ఇళ్లలో వడియాలు పెట్టిన వాళ్లకు తెలుసు, ఎండను నమ్ముకున్న పని ఎంత కష్టమో.

పసుపు టీ. ఇది అరుదైనది. పచ్చ టీ లాగే వేడి తగిలించి, ఆపైన ఇంకా వెచ్చగా ఉండగానే కాగితంలోనో గుడ్డలోనో చుట్టి మూసి ఉంచుతారు. అన్నం వార్చి మూత పెట్టి ఉమ్మగిలనిస్తాం చూడండి, అలాంటిదే. ఆకు తన ఆవిరిలో తానే మగ్గి పసుపు రంగుకు తిరుగుతుంది, పచ్చివాసన పోతుంది. హూనాన్ రాష్ట్రంలో సరస్సు మధ్యనున్న జూన్‌షాన్ ద్వీపపు టీ దీనిలో పేరెన్నికగన్నది.

ఊలాంగ్. ఈ మాటకు ‘నల్ల డ్రాగన్’ అని అర్థం. ఇది పచ్చకూ ఎరుపుకూ నడిమిది. ఆకును ఎండలో వాడబెట్టి, వెదురు చేటల్లో పోసి, మనం బియ్యం చెరిగినట్లు ఎగరేస్తూ కుదుపుతారు. ఆకు అంచులు మాత్రం నలిగి ఎర్రబడతాయి, నడుమ పచ్చగా ఉండిపోతుంది. కాసేపు ఆగనిచ్చి మళ్లీ కుదుపుతారు. ఇలా రాత్రంతా సాగవచ్చు. ఎప్పుడు ఆపాలో చెప్పేది ముక్కే. పూల వాసన తేలగానే వేడి తగిలించి మార్పును ఆపుతారు. ఫ్యూజియన్‌లోని వూయీ కొండల రాతి టీలు, ఆన్షీ ప్రాంతపు తియెగ్వాన్యిన్, గ్వాంగ్‌డాంగ్‌లోని ఫీనిక్స్ కొండల టీలు, తైవాన్‌లోని డోంగ్‌డింగ్ టీ ఈ తరగతివే. తైవాన్‌లో ఒక రకానికి ఒక చిన్న పురుగు ఆకును కొరికితేనే తేనె వాసన వస్తుంది. పురుగు కొట్టని ఆకుకు అక్కడ ధర లేదు!

ఎర్ర టీ. మనం, ఇంగ్లీషువాళ్లు ‘బ్లాక్ టీ’ అనేదానికి చైనా పేరు ఎర్ర టీ. మనం చూసేది ఎండిన ఆకు రంగు, వారు చూసేది కప్పులోని రంగు. ఆకును బాగా నలిపి, పూర్తిగా మారనిచ్చి ఆరబెడతారు. వూయీ కొండల్లో తుంగ్ము గ్రామంలో పైన్ కట్టెల పొగ మీద ఆరబెట్టేది లాప్‌సాంగ్ సూషాంగ్. ఆన్హ్వీ రాష్ట్రంలో 1875 ప్రాంతంలో మొదలైనది కీమన్. యునాన్ ఎర్ర టీ మరీ కొత్తది. రెండో ప్రపంచయుద్ధం ముందర, 1930ల చివరలో పుట్టింది.

నల్ల టీ. ఇది అసలైన నల్ల టీ. మన ‘బ్లాక్ టీ’ కాదు. ఆకు తయారైన తరవాత తేమలో, సూక్ష్మజీవుల చేత మాగనిస్తారు. మామిడికాయలు మాగేస్తామే, ఆ ధోరణి. యునాన్ రాష్ట్రపు పూ-అర్ బిళ్లలు, గ్వాంగ్సీలోని లియూబావో, హూనాన్‌లోని ఆన్హ్వా ఇటుకలు ఈ తరగతివి. గుర్రాల మీద, కంచరగాడిదల మీద, కూలీల వీపుల మీద కొండదారుల్లో టిబెట్టుకు పోయినవి ఇటువంటి ఇటుకలే. టిబెట్టువారు వాటిని మరగబెట్టి, ఉప్పు, వెన్న వేసి చిలుకుతారు. పూ-అర్ ఏళ్ల తరబడి నిలవ ఉన్నకొద్దీ రుచి తేలుతుందని, ఆ పని త్వరగా కావడానికి 1970ల తొలి సంవత్సరాల్లో కున్మింగ్‌లో ఆకును కుప్పపోసి, తడిపి మాగేసే పద్ధతి కనిపెట్టారు.

ఇక మల్లెపూల టీ ఉన్నది. అది వేరే తరగతి కాదు. తయారైన టీకి, ఎక్కువగా పచ్చ టీకి, పూల వాసన పట్టించడం. సాయంత్రం విచ్చబోయే మొగ్గలను ఆకులో కలిపి రాత్రంతా ఉంచి, ఉదయం పూలు ఏరి పారేస్తారు. మంచి టీకి ఇలా కొన్ని రాత్రులు కొత్త పూలు పోస్తారు. ఆ పువ్వు మరేదో కాదు, మన అమ్మలు సాయంత్రం మాల కట్టే మల్లె. దక్షిణాసియా నుంచి వెళ్లి చైనాలో స్థిరపడిన పువ్వే అది.

చెట్టు వచ్చింది, చెయ్యి పోయింది

ఇంత విద్య ఉన్నదని చైనా బయట చాలాకాలం తెలియదు. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో అమెరికనులు సముద్రం పాలుచేసిన సుమారు 340 పెట్టెల టీ అంతా చైనాదే. అందులో ఎక్కువ భాగం బొహీ అనే నల్లని టీ, కొంత పచ్చ టీ. పచ్చ టీ ఒక చెట్టుదనీ, నల్ల టీ మరొక చెట్టుదనీ యూరపు పండితులు నమ్మి, రెండిటికీ వేరు వేరు శాస్త్రీయ నామాలు కూడా పెట్టారు. 1840లలో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండు తోటల నిపుణుడు చైనా లోపలికి వెళ్లి చూసి, చెట్టు ఒక్కటే, తేడా పనిలో ఉందని తేల్చాడు. విదేశీయులకు పంపే పచ్చ టీకి ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు, జిప్సం కలిపి రంగు తేలుస్తున్నారనీ ఆయనే లోకానికి చెప్పాడు. 1848లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ను మళ్లీ పంపింది. చైనా వేషం వేసుకొని కొండల్లో తిరిగి, గాజు పెట్టెల్లో వేలాది మొక్కలను, విత్తనాలను, కొందరు చైనా పనివారిని హిమాలయ తోటలకు చేర్చాడు.

అస్సాంలో అప్పటికే పని మొదలైంది. అక్కడి అడవుల్లో పుట్టిన తేయాకుతో, చైనా పనివారు చేసిన తొలి ఎనిమిది పెట్టెల టీ 1839 జనవరిలో లండనులో వేలానికి వచ్చింది. చైనా టీకి డబ్బు కట్టలేక ఇండియా నల్లమందును చైనాకు తోలి, అదే ఏడాది యుద్ధానికి దిగిన దేశమే, ఆ ఆకును తన ఏలుబడిలోని నేల మీద పండించుకోవడం మొదలుపెట్టింది. తోటలు పెరిగాయి. విద్య నేర్పిన చైనా పనివారి అవసరం తగ్గింది. 1870ల నుంచి నలపడానికి, ఆరబెట్టడానికి యంత్రాలు వచ్చాయి. కోయడానికి మాత్రం చేతులు కావలసి వచ్చాయి. ఆ చేతుల్లో మనవాళ్లవి కూడా ఉన్నాయి. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కరువుకు, అప్పులకు తాళలేక కూలి ఒప్పందాల మీద అస్సాం తోటలకు వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వారి సంతతి నేటికీ అక్కడ ఉంది. మనలాగే వలస వెళ్లినవారు. కాకపోతే వారికి తిరుగు టిక్కెట్టు లేదు.

ఇండియా, సిలోను టీలు 1880ల చివరికి బ్రిటన్ మార్కెట్టులో చైనా టీని దాటిపోయాయి. ధర ఒక్కటే కారణం కాదు. చైనా టీ కల్తీదనీ, చెమట చేతుల్తో, కాళ్లతో నలిపేదనీ, మా టీ యంత్రం మీద శుభ్రంగా తయారైనదనీ వ్యాపారులు ప్రచారం చేశారు. వెయ్యేళ్ల విద్య ఉన్న చెయ్యి కాస్తా మురికి చెయ్యి అయింది. 1930 ప్రాంతంలో అస్సాంలో పుట్టిన సి.టి.సి. యంత్రం ఆకును పిండి, చించి, గుండ్రని పలుకులుగా చేసింది. అది చప్పున రంగు దిగుతుంది. పాలకు, పంచదారకు ఆగుతుంది. మన దేశంలో తోటలవారి ప్రచార సంఘం ఊరూరా కాచి పోసి టీ అలవాటు చేసిన తరవాత మనకు దక్కినది ఎక్కువగా ఈ పలుకుల టీయే. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. అల్లం దంచి వేసిన ఆ టీ లేనిదే నాకు తెల్లవారదు. కాని ఆరు టీలలో మనకు చేరినది ఒక్కటేనని ఒప్పుకోవాలి.

ఈ దేశానికి ఎలా వచ్చింది

న్యూజీలాండుకు వచ్చిన తొలి తరం తెల్లవారు తాగినది ఎక్కువగా చైనా టీ. గొర్రెల మందల దగ్గర, కలప అడవుల్లో, బంగారు గనుల్లో డబ్బాలో నీళ్లు మరగబెట్టి గుప్పెడు ఆకు పడవేసి తాగేవారు. ఆ రోజుల్లోనే చైనా మనుషులు కూడా వచ్చారు. పిలవని పేరంటంగా కాదు. ఒటాగో గనుల్లో తెల్లవారు తగ్గిపోతున్నారని 1865లో డునీడిన్ వర్తక సంఘమే వారిని ఆహ్వానించింది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు పల్లెల నుంచి వచ్చి, ఇతరులు వదిలేసిన గనుల్లో మిగిలిన బంగారాన్ని ఓర్పుగా ఏరుకున్నారు. ఏరోటౌన్‌లో వాగు ఒడ్డున వారి రాతి గుడిసెలు, ఆ లమ్ అనే ఆయన దుకాణం నేటికీ చూడవచ్చు. ఒటాగో గుడిసెల దగ్గర తవ్వకాల్లో చైనా పింగాణీ గిన్నెల ముక్కలు దొరికాయి. దక్షిణ ద్వీపానికి సెలవులకు వెళ్లే మిత్రులు క్వీన్స్‌టౌన్ సరస్సుతో సరిపెట్టుకోకుండా ఆ వాగు ఒడ్డుకు కూడా ఒకసారి వెళ్లాలని నా మనవి.

1881 నాటికి ఈ దేశంలో చైనావారు 5,004 మంది. అందులో స్త్రీలు తొమ్మిదిమంది. ఆ ఏడాదే ప్రభుత్వం చట్టం చేసింది. వచ్చే ప్రతి చైనా మనిషీ తల పన్ను పది పౌండ్లు కట్టాలి. ఓడలో పది టన్నులకు ఒక చైనా మనిషి చొప్పునే ఎక్కించాలి. 1896లో ఆ పన్నును నూరు పౌండ్లు చేశారు. టన్నుల లెక్కను రెండు వందలకు పెంచారు. అంటే రెండు వేల టన్నుల ఓడలో పదిమంది. ఆ ఓడలోనే ఎన్ని పెట్టెల చైనా టీ అయినా రావచ్చు. దానికి తల లెక్క లేదు. అలా భార్యాపిల్లలను తెచ్చుకోలేక, ఒంటరిగా ముసలివారై ఈ నేలలోనే కలిసిపోయిన వారు ఎందరో.

ఇది చైనావారి గొడవ, మనకేమని అనుకోవడానికి వీల్లేదు. 1899 చట్టం యూరపు భాషలో దరఖాస్తు నింపలేని వారిని రానివ్వలేదు. 1920 చట్టం, బ్రిటిషు ప్రజలే అయినా సరే, భారతీయులు మంత్రి అనుమతి లేకుండా దిగకూడదన్నది. 1926లో పుకెకొహెలో ఏర్పడిన ‘వైట్ న్యూజీలాండ్ లీగ్’ చైనా, భారతీయ కూరగాయల రైతులిద్దరినీ కలిపే వెళ్లగొట్టాలన్నది. డునీడిన్‌లో 1898లో మొదలైన బెల్ టీ కంపెనీ పొట్లాల్లో, తదితర పొట్లాల్లో ఇండియా, సిలోను ఆకు ఇంటింటికీ చేరుతున్న కాలమది. ఆకుకు తలుపు తెరిచి, ఆకు దేశపు మనిషికి మూశారు. చైనావారి తల పన్ను చట్టం 1944లో రద్దయింది. 2002 ఫిబ్రవరి 12న, చైనావారి కొత్త సంవత్సరాది రోజున, ప్రధానమంత్రి హెలెన్ క్లార్క్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. మనలో పలువురు ఈ దేశానికి వచ్చి ఉద్యోగాల్లో కుదురుకున్న రోజులే అవి. మనం సులువుగా దాటిన గుమ్మం ఎవరి తలలు తగిలి అరిగిందో తెలుసుకోవడం మన విధి అనుకుంటాను.

ఈలోగా ఈ దేశపు కప్పులో మిగిలినదేమిటి? పాలు పోసిన ఒకే ఒక ఎర్ర టీ. దానికి ఇక్కడివారు పెట్టుకున్న ముద్దుపేరు ‘గమ్‌బూట్ టీ’. పొలంలో రబ్బరు బూట్లు వేసుకొని తాగేదని భావం. మనిషి రాకుండా ఆకు వస్తే జరిగేది అదే. ఆకుతోపాటు దాన్ని ఎలా తాగాలో, ఏది ఎందుకు వేరో చెప్పే నోరు రాదు.

నూట ముప్పై మొక్కలు

ఇక మన ఊరి సంగతి. 1990లలో తైవాన్ నుంచి హామిల్టన్ వచ్చిన చెన్ కుటుంబంవారు ఇక్కడి పెరట్లో కమేలియా విరగబూయడం చూశారు. కమేలియా ఇంత బాగా వచ్చే నేలలో దాని దాయాది తేయాకు ఎందుకు రాదనుకొని, 1996లో తైవాన్ నుంచి 1,500 ఊలాంగ్ కొమ్మ అంట్లు తెప్పించారు. ఈ దేశపు వ్యవసాయ నిబంధనలు మనకు తెలిసినవే గదా. ఊరగాయ సీసా, కరివేపాకు రెమ్మ విమానాశ్రయంలో ఎంత పరీక్షకు నిలుస్తాయో అందరం చూసినవాళ్లమే. ఆ అంట్లు సుమారు పది నెలలు నిర్బంధంలో ఉండవలసి వచ్చింది. బయటికి వచ్చేసరికి బతికినవి 130. ఆ నూట ముప్పై నుంచే గోర్డన్‌టన్‌లో తోట అంతా పెరిగింది. 2009లో వారి టీ ‘జీలాంగ్’ అనే పేరుతో బజారులోకి వచ్చింది. జీలాండు, ఊలాంగ్ కలిసిన పేరది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఈసారి మొక్క ఒంటరిగా రాలేదు. వాడబెట్టడం, కుదపడం, ముక్కుతో వాసన పట్టి ఆపడం తెలిసిన తైవాన్ నేర్పరుల చేతులు కూడా వచ్చాయి. కనుకనే అది ఊలాంగ్ అయింది. ఇప్పుడు అదే తోట ఆకుతో పచ్చ టీ, ఎర్ర టీ కూడా చేస్తున్నారు. ఒకే మొక్క, వేరు వేరు పని. ఫార్చ్యూన్ ఎంతో శ్రమపడి కనిపెట్టిన సత్యం మనకు ఇరవై నిమిషాల కారు ప్రయాణంలో కనిపిస్తుంది.

క్రితం వేసవిలో రాజమండ్రి నుంచి వచ్చిన మా మామయ్యగారిని అక్కడికి తీసుకువెళ్లాను. చిన్న కప్పులో లేత బంగారు రంగు నీరు పోసి ఇచ్చారు. ఆయన ఒక గుక్క తాగి, “పాలు ఎప్పుడు పోస్తారు?” అని నన్ను చెవిలో అడిగారు. పోయరన్నాను. పెద్దమనిషి కనుక ఊరుకున్నారు. అదే ఆకు మీద రెండోసారి నీళ్లు పోశారు, మూడోసారి పోశారు. మూడో కప్పు దగ్గర ఆయన కాసేపు వాసన చూసి, “ఒరేయ్, ఇందులో మొగలిపొత్తు వాసన వస్తోందిరా” అన్నారు. నాకు మొగలిపొత్తు వాసన చూసి పాతికేళ్లయింది. నేనూ కప్పు దగ్గర పెట్టుకొని చూశాను. నాకు రాలేదు. ఆయనకు వచ్చింది.

ఆ రోజునుంచి నా మనసులో ఒక మాట మెదులుతోంది. మనం ఈ దేశానికి కందిపప్పు తెచ్చుకున్నాం, ఇంగువ తెచ్చుకున్నాం, అన్నీ కొట్లలో దొరుకుతున్నాయి. సరుకుకు కొదవ లేదు. కాని ఆవకాయ కలిపే చెయ్యి, పూతరేకు తీసే చెయ్యి మనలో ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? సీసా మీది పేరు చూసి ‘పచ్చడి’ అని మాత్రమే తెలిసిన పిల్లలకు మాగాయకూ తొక్కుడు పచ్చడికీ తేడా ఎవరు చెప్పాలి? ఆరు టీలు ఒక్కటైనట్లు మన పచ్చళ్లన్నీ ఒక్కటైపోతే తప్పు పిల్లలది కాదు. 1,500లో 130 చాలు తోట కావడానికి. కాని ఆ నూట ముప్పైకి తోడు పనివాడు ఉండాలి.

చైనా టీలు రుచి చూడదలచిన మిత్రులకు ఒక చిన్న సూచన. పచ్చ, తెలుపు, పసుపు టీలకు మరిగే నీళ్లు పోయకండి, చేదెక్కుతాయి. పొంగిన నీటిని అయిదారు నిమిషాలు చల్లారనిచ్చి పోయండి. ఊలాంగ్‌కు మరిగి కాస్త ఆగిన నీళ్లు, ఎరుపుకు, నలుపుకు సలసల మరిగే నీళ్లు కావాలి. పంచదార మొదటి కప్పులో వేయకండి. రెండోదానిలో మీ ఇష్టం.

తరవాతి ఆదివారం ఆ అమ్మాయికి ‘తే’ కథ చెప్పాను. శ్రద్ధగా విని, “అయితే మాస్టారూ, తేనీరు చైనా మాటా, తెలుగు మాటా?” అన్నది. సగం చైనా, సగం తెలుగు అన్నాను. “మా లాగా” అన్నది పక్కనున్న ఇంకో పిల్ల. ఆ పిల్ల తల్లి తెలుగు, తండ్రి ఇక్కడి చైనా కుటుంబంవారు. తరగతి అంతా నవ్వింది, ఆ పిల్ల కూడా నవ్వింది.

చివరగా పాఠకులకు ఒక అభ్యర్థన. మీలో ఎవరి పెద్దలైనా అస్సాం, నీలగిరి లేక సిలోను తేయాకు తోటల్లో పనిచేసి ఉంటే, ఇంట్లో విన్న సంగతులు నాలుగు ముక్కలు రాసి పత్రికకు పంపండి. పేరు లేకుండా అయినా సరే వేస్తాము. వచ్చే ఉగాది సమావేశానికి నేను ఆరు తరగతుల టీలూ తెస్తాను. అల్లం టీ ఎవరు తెస్తారో మీలో మీరు నిర్ణయించుకోండి.